మడతలో దారప్పోగు

టైలర్ గారికి,

ఆదివారం మా నాన్న మీ ఇంటికొచ్చి ఈ సంబంధం ఖాయమంటారు. ఆలోపు మీకొక నిజం చెప్పాలి, అందుకే రాస్తున్నాను.

మిమ్మల్ని చూస్తే నా గుండె దడదడలాడలేదు. అమ్మతో అంటే, "దడొస్తే డాక్టరు కావాలే పిచ్చిదానా, మొగుడు కాదు. గుణం చూడు" అంది.

మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే కాబట్టి గుణానికీ పరీక్ష పెట్టాను. కుట్టమని మీకిచ్చిన గుడ్డలో నా ఉత్తరం ఒకటి మరిచిపోయినట్టు వదిలాను, విప్పితే జారిపోయేలా దాని మడతలో దారప్పోగు దాచి. నిన్న మీరు "మీ ఉత్తరమండీ, జాగ్రత్త" అంటూ తిరిగిచ్చారు. పోగు కదల్లేదు. నూటికి నూరు వేశాను.

కుట్టిన బట్టలు తేవడానికి మీరు లోపలికెళ్ళగానే, మీ కొలతల పుస్తకం తెరిచి నా పేజీ చదివేశాను. "ఎడమ భుజం అరంగుళం వాలు. కుట్టులోనే సర్దాలి. ఆమెకు చెప్పి నొప్పించొద్దు."

పరీక్ష పెట్టిందీ నేనే, తప్పిందీ నేనే. మీరూ గుణం చూసే చేసుకునేవారైతే నన్ను వద్దనండి. దారిలో ఎవరైనా చదువుకోనీ, నాకదే శిక్ష అని కవరు మానేసి కార్డు మీద రాశాను.

పన్నెండో తేదీ శనివారంలోగా జవాబు రాయండి. ఇప్పుడు గుండె దడగా ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్ళాలో వద్దో మీ జవాబును బట్టి తేల్చుకుంటాను.