ముందు చన్నీళ్లు

అత్తగారు భుజాన శాలువా సర్దుకుని, వాషింగ్ మెషీన్ మూత ఎత్తి, లోపలికి తల పెట్టి చూసింది.

"మామ్మగారూ, అందులో బట్టలు మాత్రమే వెయ్యాలండీ" అన్నాడు సేల్స్‌మేన్.

"నా తల నెరిసింది గానీ మాసిపోలేదులే నాయనా. ఉతకక్కర్లేదు."

కోడలు నవ్వు ఆపుకుంది.

అత్తగారు అంత పట్టి పట్టి చూడటానికి కారణం ఉంది. నాలుగేళ్లుగా ఆవిడకు నిద్రలో పక్క తడుస్తోంది. ఆ సంగతి కోడలికి తప్ప కన్నకొడుక్కి కూడా తెలియదు.

కోడలు తెల్లారితే ఉద్యోగానికి పరుగెత్తాలి. అత్తగారి మణికట్టుకు తడి దుప్పటి పిండే సత్తువ లేదు. అందుకని పక్కబట్టలన్నీ లాండ్రీకి పోయేవి. పొద్దున్నే సైకిలతను వచ్చి మూట పట్టుకుపోయేవాడు. మర్నాడు మడతలు తెచ్చి గుమ్మంలో పెట్టేవాడు.

అత్తగారు మూటకు ముడి మీద ముడి వేసేది.

"ఇందులో బంగారమేమైనా ఉందా పెద్దమ్మా?" అనేవాడతను.

"ఉంది. విప్పకుండా ఉతుకు."

నాలుగంతస్తుల ఆ బిల్డింగులో ప్రతి ఇంటి మూటా ఆ సైకిలే ఎక్కేది. అతను నోరు జారి పైవాటా ఆవిడ చెవిన ఒక్క ముక్క వేశాడంటే చాలు, సాయంత్రానికల్లా అది మెట్లు దిగి గేటు దాకా వస్తుంది. ఈ వయసులో నలుగురూ తనను చూసి ముక్కు మూసుకుంటారేమోనని ఆవిడ దిగులు. తన గదిలోకి ఎవరినీ రానిచ్చేది కాదు.

మెషీన్ ఇంటికొస్తే ఆ గుట్టు గుమ్మం దాటదు. కొనగలిగేది ఒకటే. అది సరిగ్గా ఉతకకపోతే మళ్లీ సైకిలే దిక్కు.

"ఇది చూడండి మేడమ్" అన్నాడు సేల్స్‌మేన్ కోడలితో. "అద్దం తలుపు. లోపల తిరిగేదంతా బయటికి కనిపిస్తుంది."

అత్తగారి మొహం చిన్నబోయింది.

"కనిపించకుండా తిరిగేది లేదా నాయనా?"

"ఆ అద్దం తలుపుది వద్దమ్మా" అంది వెనకనుంచి ఒక గొంతు.

రిపేరు కౌంటరు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. యాభై ఏళ్లుంటాయి. చేతిలో పగిలిన మెషీన్ పైపు. వేళ్ల కొసలు నానిపోయి తెల్లగా ఉన్నాయి.

"ఆ నీలం మూతది తీసుకోండి. తొట్టి పెద్దది. రెండు దుప్పట్లు వేసినా వాటికి ఊపిరాడుతుంది."

"అది పాత మోడలండీ" అన్నాడు సేల్స్‌మేన్.

"పాతదైతేనేం, చెప్పిన మాట వింటుంది. ముందు చన్నీళ్లతో ఒకసారి తిప్పి ఆపుకోవచ్చు. ఆ తర్వాతే వేడినీళ్లు."

"ముందే వేడినీళ్లు పెడితే ఏమవుతుందండీ?" అడిగింది కోడలు.

"కొన్నిటికి వాసన గుడ్డకు పట్టేస్తుందమ్మా. ఇక వదలదు."

ఆ మాట అన్నప్పుడు ఆవిడ అత్తగారి వైపు చూడలేదు. గోడ మీద ఫ్యాన్ల బొమ్మ వైపు చూసింది.

"ఇంత ఎలా తెలుసు తల్లీ నీకు?" అంది అత్తగారు.

"పెద్ద సంసారమండీ మాది. ఉతికి ఉతికి వచ్చింది."

ఇంతలో కౌంటరులో మనిషి ఆవిడను పిలిచాడు. ఆ పైపులు రావడం మానేశాయట. మెషీన్ మార్చుకోవడం మంచిదట.

"ఇంకొన్నాళ్లు లాక్కొస్తాలెండి" అని ఆవిడ పగిలిన పైపుతోనే వెళ్లిపోయింది.

నీలం మూతది ఇంటికొచ్చింది.

పదిరోజులు తిరిగేసరికి అత్తగారి పక్కబట్టలు ఎండవాసన తప్ప మరో వాసన ఎరగవు. నాలుగేళ్లలో మొదటిసారి ఆవిడ పైవాటా ఆవిడను గదిలోకి పిలిచి, తన మంచం మీదే కూర్చోబెట్టింది.

"దుప్పటి మల్లెపువ్వులా ఉంది పిన్నిగారూ. ఏం మెషీను?"

"నీలం మూతది. ముందు చన్నీళ్లు పెట్టుకో, తర్వాత వేడినీళ్లు. ఎవరైనా అడిగితే చెప్పు."

పైవాటా ఆవిడకు అది వేరే చెప్పాలా. మూడు నెలల్లో ఆ మెట్లెక్కి ఏడు నీలం మూతలు పోయాయి.

ఒకరోజు సైకిలతను వచ్చాడు. మూట కోసం కాదు.

"మీ దిండు గలీబు మా దగ్గర ఉండిపోయింది పెద్దమ్మా. లాండ్రీ మూసేశాం."

"అదేంటి నాయనా?"

"మా పనిలో సగం ఈ బిల్డింగుదే కదండీ. అందరికీ నీలం మూతలొచ్చాయి."

అత్తగారు గలీబు అందుకోబోయి ఆగింది.

"నేనే నలుగురికీ చెప్పాను. నాకేం తెలుసు, షాపులో ఒకావిడ చెప్పింది. చేతిలో పగిలిన పైపు, నానిన వేళ్లు. ఆవిడకు ఒక్క మంచిమాట చెబుదామంటే మళ్లీ కనబడలేదు. నువ్వు నాలుగిళ్లూ తిరిగేవాడివి, ఎరుగుదువా?"

సైకిలతను గలీబు గుమ్మంలో పెట్టాడు.

"ఎరుగుదును పెద్దమ్మా. పొద్దున్న బస్సుకే చెల్లెలి ఊరు వెళ్లిపోయింది. ఆవేళ షాపులో మీ భుజాన శాలువా చూసి, మీ మూటలో వచ్చేదేనని మిమ్మల్ని పోల్చుకుందట. కూర్చున్న కొమ్మ నరుక్కుంటావేంటక్కా అని కసిరాను కూడా. ఆ పెద్దావిడకు అది అవసరంరా అంది. ఎందుకో చెప్పలేదు."

"ఇంతకీ ఎవరు నాయనా ఆవిడ?"

"మా లాండ్రీ ఓనరమ్మేనండీ. మీ మూట ఏనాడూ నన్ను విప్పనివ్వకుండా, నాలుగేళ్లూ తలుపేసుకుని తనొక్కతే ఉతికింది. అందులో ఏముండేదో నాకు ఈనాటికీ తెలియదు."