పక్కకు పోయిన బంతి

"మళ్ళీ ఆ ముసలోడికే బంతి ఇస్తున్నార్రా! పట్టుకోండి వాణ్ణి!"

గోలు ముందునుంచి గొంతు చించుకుని అరిచాడు దెల్మో.

అతను పియెవెరోస్సా ఊరి జట్టు గోల్‌కీపర్. వారమంతా ఇటుక బట్టీలో పని, ఆదివారం ఆట.

ఆ ఆదివారం మాత్రం అది ఆటలా లేదు. చావో రేవోలా ఉంది.

వచ్చే ఏడాది నుంచి దేశం మొత్తానికీ ఒకటే రెండో డివిజన్ అని ఫెడరేషన్ తేల్చేసింది. అందులో చోటు దొరికిన జట్లు జెనోవా, నాపోలి లాంటి మహానగరాల దాకా వెళ్ళి ఆడతాయి. దొరకనివి జిల్లా పోటీల్లో పడి అడ్రసు లేకుండా పోవలసిందే.

వాళ్ళ గ్రూపులో మిగిలింది ఒక్క చోటు. దానికోసం ఇవాళ పియెవెరోస్సా, బోర్గోవెంతో ఊళ్ళ జట్లు రెండూ కొట్టుకుంటున్నాయి.

"కిందపడ్డ జట్టుని నేను మొయ్యను. గ్రౌండులో ఇటుకలు పేర్పించుకుంటా" అని క్లబ్బుకి డబ్బు పెట్టే బట్టీ యజమాని ముందే చెప్పేశాడు.

క్లబ్బు పోతే, ఆట చూసి ఇచ్చిన బట్టీ ఉద్యోగాలూ పోతాయి. దెల్మో భార్యకి నెలలు నిండుతున్నాయి.

చెరో గోలు. డ్రా అయితే చాలు, చోటు పియెవెరోస్సాదే. ఇక ఆట అయిపోవస్తోంది.

బోర్గోవెంతో ఫార్వర్డుకి మొన్న కాలు విరిగిందట. అతని బదులు ఎవరినో నెరిసిన జుట్టువాణ్ణి దించారు. మొదట్నుంచీ జనానికి అతనే వేళాకోళం.

"తాతా! చేతికర్ర మర్చిపోయావే!"

"ఇంటికెళ్ళి గంజి తాగి పడుకోవయ్యా!"

ఆ తాతే ఇప్పుడు ఇద్దరిని తప్పించుకుని గోలు మీదికి దూసుకొస్తున్నాడు.

దెల్మో ఎదురెళ్ళి అతని కాళ్ళ ముందు పడ్డాడు. అరచేతికి బంతి తగిలింది. బంతే, మరేమీ కాదు. ముసలాయన తూలి బోర్లా పడ్డాడు.

రిఫరీ ఈల వేశాడు. పెనాల్టీ.

"నేను ముట్టుకోలేదయ్యా! మా అమ్మ మీద ఒట్టు!" దెల్మో రిఫరీ వెంట పరుగెత్తాడు.

ముసలాయన లేచి తనూ రిఫరీ దగ్గరికి వచ్చి ఏదో చెప్పబోయాడు.

"నువ్వెందుకు? నోర్ముయ్! ఇంకొక్క మాట మాట్లాడితే ఇద్దర్నీ బయటికి పంపిస్తా!" రిఫరీ అతణ్ణి కసిరాడు.

'పెనాల్టీ చాలక నన్ను పంపెయ్యమంటున్నాడు కాబోలు, పాపిష్టివాడు' అనుకున్నాడు దెల్మో.

బోర్గోవెంతో కెప్టెన్ బంతిని చుక్క మీద పెట్టబోయాడు.

"ఇలా ఇవ్వు" అన్నాడు ముసలాయన.

కెప్టెన్ మారుమాట్లాడకుండా ఇచ్చేశాడు.

గోలు వెనక జనం కంచె పట్టుకుని ముందుకు వంగారు. దెల్మో గోలు గీత మీద చేతులు చాచి నిలబడ్డాడు.

ముసలాయన ఒక్కసారి అతని కళ్ళలోకి చూశాడు. పరుగెత్తి తన్నాడు.

దెల్మో కుడికి దూకాడు. బంతి ఎడమవైపు వెళ్ళింది.

గోలుకి బారెడు దూరంగా వెళ్ళి కంచె అవతల జనపచేలో పడింది.

గ్రౌండు దద్దరిల్లింది. కాసేపటికి చివరి ఈల మోగింది. జనం కంచె తొక్కుకుంటూ లోపలికొచ్చారు. దెల్మోని భుజాల మీదికి ఎత్తుకున్నారు.

అంత ఎత్తునుంచి కనపడ్డాడు ముసలాయన. ఒంటరిగా నడుస్తున్నాడు. సొంత జట్టువాళ్ళే అతనికి ఎడంగా పోతున్నారు. బోర్గోవెంతో నుంచి వచ్చిన జనం అతని మీద మట్టిగడ్డలు విసురుతున్నారు.

దెల్మో కిందికి దూకి అతనికి అడ్డం వెళ్ళాడు.

"చల్లగా ఉండు తాతా! ఇవాళ నీ పేరు మీదే తాగుతాం!" చప్పట్లు కొట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు.

"మోచెయ్యి చీరుకుపోయింది చూసుకో. మట్టి చేరకముందే కడుక్కో" అన్నాడు ముసలాయన. అని, వెళ్ళిపోయాడు.

శరదృతువులో కొత్త డివిజన్ మొదలైంది. అప్పటికే దెల్మోకి కొడుకు పుట్టాడు. ఉద్యోగం నిలిచింది.

ఒకసారి పరాయి ఊళ్ళో ఆట అయ్యాక ఎదుటి జట్టువాడొకడు పలకరించాడు. అప్పటి బోర్గోవెంతో కెప్టెన్, నేవియో. ఇద్దరూ వైన్ కొట్లో కూర్చున్నారు.

"మీ ఊరు వదిలేశావేం?"

"ఊళ్ళో ఏముంది? ఎండాకాలంలోనే క్లబ్బు మూసేశారు. గ్రౌండు దున్ని మొక్కజొన్న వేశారు."

"అంతా ఆ ముసలాయన చలవే!" నవ్వబోయాడు దెల్మో.

నేవియో నవ్వలేదు.

"తిరుగు రైల్లో ఒక్క మాటే అన్నాడాయన. 'ఆ కుర్రాడు నన్ను ముట్టుకోలేదు, నా కాలు నాకే అడ్డం పడింది. రిఫరీ వినలేదు, మరేం చెయ్యను?' అని. నిజం చెప్పు. ముట్టుకున్నావా?"

దెల్మో గ్లాసు దించాడు.

"లేదు."

"మేం నమ్మలేదు. ఊళ్ళోకి దిగాక జనం ఆయన కిటికీలు పగలగొట్టారు. అమ్ముడుపోయాడన్నారు. నేనూ ఆపలేదు. వారం తిరక్కుండా ఫ్రాన్సు గనుల్లో పనికని వెళ్ళిపోయాడు. ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు."

దెల్మో గ్లాసు పక్కకి జరిపాడు.

"ఇంతకీ ఎవరాయన? ఎక్కణ్ణించి అరువు తెచ్చుకున్నారు?" మెల్లగా అడిగాడు దెల్మో.

"అరువా? ఏటి ఒడ్డునుంచి మట్టి మోసి ఆ గ్రౌండు పరిచి, మా అందరికీ బూటుతాడు కట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పి, ఆ క్లబ్బు పెట్టిందే ఆయన."