ఆదివారం చెరువు

చెరువులోకి గొట్టం వదిలిన రంగుల ఫ్యాక్టరీ యజమానీ, ఇది నీ పని. రోజూ ఆ గొట్టం పక్కనుంచే ఆఫీసుకు పోతూ ముక్కు మూసుకున్న అధికారీ, నీ పని. అదే ఒడ్డున మేడ లేపి "స్వచ్ఛమైన గాలి, చల్లని నీరు" అని బోర్డు కట్టిన కాంట్రాక్టరూ, నీ పని కూడా. చేసింది మీరు ముగ్గురు. అబద్ధాలాడే చాకిరీ మాత్రం తాళాలాయన నెత్తిన పెట్టారు.

తాళాలాయన ఇళ్ళ బ్రోకరు. నడుముకు తాళాల గుత్తి, నోటినిండా మాటలు. మహానగరం అంచున ఖాళీ పడ్డ ప్రతి ఇంటి తాళమూ ఆ గుత్తిలోనే ఉంటుంది.

ఆ వారం తగిలిన బేరం పందేలకు వెళ్ళే ఓ అమ్మాయి. ఈత, సైకిలు, పరుగు ఆపకుండా ఒకదాని వెంట ఒకటి చెయ్యాలట. ట్రయాథ్లాన్ అంది. ఆయనకు నోరు తిరగలేదు.

"మూడూ ఒకే రోజా? మధ్యలో టిఫిన్ అన్నా పెడతారా మేడం?"

"సైకిలు మీదే తింటాం అన్నా."

"నేను స్కూటర్ మీద ఫోన్ మాట్లాడితేనే మా ఆవిడ చంపేస్తుంది!"

ఆమె నవ్వలేదు.

మొదటి ఇల్లు చూపించాడు. "గోడ అవతలే ఈతకొలను మేడం. నీళ్ళు అద్దంలా ఉంటాయి. అడుగున నాణెం పడేస్తే బొమ్మా బొరుసూ కనబడాల్సిందే."

ఆమె కిటికీ దాకా కూడా రాలేదు. "కొలను వద్దు. చెరువు కావాలి."

రెండో ఇల్లు తోట పక్కన. నున్నటి రోడ్డు, లారీల గోల లేదు, వంటింట్లోకి ఎండ. ఎవరైనా ఎగిరి గంతేస్తారు.

"చెరువెక్కడ?"

"సైకిలు రెండు తొక్కులు తొక్కితే చెరువే."

"రెండు తొక్కులు కూడా వద్దన్నా. గుమ్మం దిగితే చెరువుండాలి."

తాళాలాయనకు ఒళ్ళు మండింది. ఈవిడ పోయేది పందేనికా, చేపలు పట్టడానికా?

ఇక మిగిలింది ఒడ్డు మీది మేడ. దాన్ని చూపించాలంటే ఆయనకే నోరు రాదు. పోయిన వానాకాలం ఎక్కడినుంచో వచ్చిన, ఈత నేర్చిన ఓ పిల్ల ఆ చెరువులో దిగింది. నీళ్ళు నాలుగు గుక్కలు లోపలికి పోయాయి. జ్వరంతో మంచాన పడ్డ పిల్ల మళ్ళీ లేవలేదు. మేడలో ఉన్నవాళ్ళు మూటాముల్లె సర్దుకుని పోయారు. ఈ నెల కూడా ఖాళీగా ఉంటే గుత్తి లాక్కుంటానని కాంట్రాక్టరు తెగేసి చెప్పాడు. గుత్తి పోతే తాళాలాయన బతుకు వీధిలో పడ్డట్టే.

"ఆదివారం పొద్దున్నే రండి మేడం," అన్నాడు.

ఆదివారం ఫ్యాక్టరీకి సెలవు. గొట్టం ఎండి ఉంటుంది, లారీలుండవు. ఈ ఆటలవాళ్ళకు తీరికా ఆదివారమే. ఖాళీ రోడ్డు మీద సైకిలు తొక్కి, ఆహా అనుకుని అడ్వాన్సు ఇచ్చేస్తారు. సోమవారం వాళ్ళ ముక్కుకు అసలు సంగతి తెలుస్తుంది. అప్పటికి తాళాలాయన ఫోను మోగుతూనే ఉంటుంది, ఎత్తేవాడే ఉండడు.

ఆదివారం ఒడ్డున నిలబడి ఉంటే భార్య ఫోన్ చేసింది.

"ఆ పిల్ల సంగతి చెప్పారా?"

"అడిగితే చెప్తాలే."

"అడక్కపోతే?"

"పెట్టెయ్, వస్తోంది."

ఆమె సైకిలు గోడకు ఆనించి మేడంతా తిరిగింది.

"మామూలు రోజుల్లో ఎలా ఉంటుందన్నా ఇక్కడ?"

"ఇక్కడ రోజూ ఆదివారమే మేడం."

"వాసన?"

"గడ్డి వాసన. ఒంటికి మంచిది."

"ఈ చెరువులో ఎవరన్నా ఈదారా?"

తాళాలాయన నీళ్ళు నమిలాడు. "ఈదేవాళ్ళు... ఈదుతారు."

"వాళ్ళకేం కాలేదుగా?"

"ఏమవుతుంది మేడం? నీళ్ళే కదా!"

ఆమె మెట్లు దిగి, ఒడ్డున గొంతుక్కూర్చుని, చెయ్యి ముంచింది. తెల్లటి నురగ మణికట్టుకు అంటుకుంది. తుడుచుకోలేదు.

చెప్పెయ్యాలనిపించింది ఆయనకు. మాట గొంతు దాకా వచ్చింది. నడుము దగ్గర గుత్తి గలగలమంది. మాట మింగేశాడు.

"ఇదే తీసుకుంటాను," అంది ఆమె. "ఇవాళే దిగుతాను."

బేరం కుదిరితే ఎగిరిపడే ప్రాణం ఆ పూట చతికిలబడింది. "మేడం, ఈత మాత్రం కొన్నాళ్ళు కొలనులోనే..."

"ఏం?"

"ఏం లేదు. నీళ్ళు చల్లగా ఉంటాయని."

"రేపు నాతో సర్కారు ఆఫీసుకు రండి. నేనిక్కడ కాపురం ఉంటున్నట్టు మీ నోటితో చెప్పాలి."

కుళాయి కనెక్షన్ కోసమేమో అనుకుని, సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్ళాడు.

అధికారి గదిలో చెరువు వైపు కిటికీకి గడియ పెట్టి ఉంది. అయినా కంపు లోపలికి వస్తూనే ఉంది. ఆమె పిలవకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది. తాళాలాయన ఆమె వెనక నిలబడ్డాడు.

"చెప్పన్నా, నేనెక్కడ ఉంటున్నాను?"

"ఒడ్డు మీది మేడలో సార్. నిన్ననే దిగారు. తాళం ఇచ్చింది నేనే."

"అయితే ఏమిటంట?" అన్నాడు అధికారి.

ఆమె బల్ల మీదికి వంగింది.

"ఈ చెరువు నీళ్ళు మింగి నా చెల్లెలు చచ్చిపోయిందని వస్తే, ఒడ్డున కాపురం ఉన్నవాళ్ళు చెప్తేనే వింటామని బయటికి పంపారు కదా సార్, ఇప్పుడు నా కాపురం ఆ ఒడ్డునే, ఈ అన్నే సాక్షి, ఫిర్యాదు రాసుకుని ఆ గొట్టం ఇవాళే మూయించండి!"