ఆవిష్కరణ ఫ్లెక్సీ

“రాజమౌళన్న ఫోటో నా దగ్గర్నే ఉందన్నా,” అంటూ జగిత్యాల ఫ్లెక్సీ షాపు నితిన్ కంప్యూటర్లో వెతికాడు.

చనిపోయిన దోస్తుకు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కోసం వచ్చిన మహేందర్ తల దించుకున్నాడు. పనీపాటా లేని తమ దోస్తుల మీద రాజమౌళి నవ్వుల నవల రాశాడు. నాలుగుసార్లు ఎస్సై పరీక్ష తప్పిన తనను రాతప్రతిలో చూసుకుని, మహేందర్ ఆర్నెల్లుగా వాడితో మాట్లాడలేదు.

“‘పుస్తకం అచ్చయినంక కడుత, గప్పటికి మావోడు ఎస్సై అయితడు’ అని రాజమౌళన్న గిది చేయించిండు,” అంటూ నితిన్ ఓ ఫ్లెక్సీ డిజైన్ తెరిచాడు.

‘రాజమౌళి నవల ఆవిష్కరణ. ముఖ్య అతిథి: ఎస్సై మహేందర్.’ పక్కన పోలీసు డ్రెస్సుకు అతికించిన తన ముఖం.

“డ్రెస్సు తీసెయ్యాల్నా అన్నా?”

మహేందర్ తెర మీద రాజమౌళి పేరు దగ్గర వేలు పెట్టాడు.

“ఉండనియ్యి. వాని పేరు ముందర ‘కీర్తిశేషులు’ అని పెట్టు.”