తలుపు అవతలి నవ్వులు

"టికెట్ కొన్నది సినిమా చూడ్డానికా, తలుపు బయట నిలబడ్డానికా?"

గేటు కీపరు విసుక్కున్నాడు. ముప్ఫై ఏళ్లుగా టికెట్లు చింపి చింపి ఆయనకి మనుషుల మీద కూడా విసుగు పుట్టింది. దానికి తోడు మోకాళ్ల నొప్పులొకటి.

హాల్లోంచి కుంటుకుంటూ వచ్చిన పెద్దాయన గోడకి ఆనుకున్నాడు. ఎడమ చెంప మీద బఠాణీ గింజంత పుట్టుమచ్చ.

"ఒక్క అయిదు నిమిషాలు బాబూ. ఆ సీను అవ్వగానే లోపలికి పోతాను."

వారం రోజులుగా ఇదే వరస!

ఆ సీను తెలియనివాళ్లు లేరు. నలభై ఏళ్లనాటి నవ్వుల సినిమా. ఒక్క అమ్మాయి కోసం ముగ్గురు పోటీ పడతారు. రెండోవాడు పూలగుత్తి పట్టుకుని ఆమె మేడ మెట్లెక్కుతాడు. పై మెట్టు మీద కాలు జారి, దొర్లుకుంటూ కిందికొచ్చి పడతాడు.

"అందరూ పగలబడి నవ్వే చోటే లేచొస్తారేంటండీ?"

"చూడలేను బాబూ. వినాలని మాత్రం ఉంటుంది."

లోపల హాలు గొల్లుమంది. పెద్దాయన కళ్లు మూసుకుని విన్నాడు.

"ఇవాళ నవ్వులు తగ్గాయి."

"ఉన్నదే పదకొండు మందైతే ఎంతని నవ్వుతారు? రేపటితో సినిమా ఎత్తేస్తున్నారు కూడా."

పెద్దాయన మొహం చిన్నబోయింది. గేటు కీపరుకి పాపం అనిపించింది.

"ఇంట్లో ఎవరూ లేరా?"

"ఈ కాలు చూసి పిల్లనెవరిచ్చారు గనక!" అని ఆయనే నవ్వేశాడు.

అంతలో మేనేజరు వచ్చాడు. గేటు కీపరు మీద ఇంతెత్తున లేచాడు.

"వరండాలో ఎవరూ ఉండకూడదన్నానా లేదా? ఇంకోసారి కనబడ్డారో, ఇంటికి పోయేది ఆయన కాదు, నువ్వు!"

మర్నాడు ఆఖరి మ్యాట్నీ. పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఆ సీనుకి ముందే మామూలుగా బయటికొచ్చాడు.

"లోపలికి పదండి."

"ఇవాళ ఒక్కరోజే కదా బాబూ..."

"పెద్దాయనా, మీకు దణ్ణం పెడతాను. ఈ వయసులో నా కడుపు కొట్టకండి. లోపల కూర్చోండి, లేకపోతే ఇంటికెళ్లండి."

పెద్దాయన బతిమాలలేదు. రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోయాడు.

గేటు కీపరుకి మనసు అదోలా అయింది. కాసేపు నవ్వుకుంటేనన్నా తేలికపడుతుందని తలుపు సందులోంచి తొంగిచూశాడు. రెండోవాడు మెట్లెక్కాడు. కాలు జారాడు. పాత కాపీ, మధ్యలో ఆగిపోవడం దానికి అలవాటే. దొర్లుతున్న మనిషి దొర్లుతున్నట్టే తెర మీద ఆగిపోయాడు.

హాల్లో ఈలలు, కేకలు.

గేటు కీపరు నవ్వబోయి ఆగాడు. మోకాళ్ల సంగతి మరిచిపోయి కిందికి పరిగెత్తాడు.

"పెద్దాయనా! ఓ పెద్దాయనా!"

వీధి మలుపు దాకా వెళ్లి చూశాడు. ఎవరూ లేరు.

ఆయాసపడుతూ తిరిగొచ్చేసరికి బొమ్మ ఇంకా కదల్లేదు. జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

రెప్పపాటులో దాటిపోయే ఆ ముఖాన్ని ఇన్నేళ్లలో ఎవరూ సరిగ్గా చూడలేదు; అది సినిమాలో రెండోవాడి వేషం వేసిన నటుడిది కాదు, దాని ఎడమ చెంప మీద బఠాణీ గింజంత పుట్టుమచ్చ ఉంది, కింద కాలు పక్కకి విరిగి ఉంది.