ఆఖరి నల్లా

"ఐలమ్మ ఇంటికి మీటరు వద్దు మేడం," అన్నాడు భూమయ్య.

మునిసిపల్ ఇంజనీరు కావ్య లాప్‌టాప్ మీంచి తల ఎత్తింది. కిటికీ అవతల కొత్త ఫిల్టర్ల ట్రయల్ రన్ నడుస్తోంది. నీళ్ల ప్లాంటును కొత్తగా కట్టడంతో పాటు, పైపులైను చివరనున్న ఇళ్ల దగ్గర మీటర్లు కూడా పెట్టాలని పైనుంచి ఆర్డరు. నల్లా నీళ్లలో క్లోరిన్ ఎంతుందో ఇక ఆ మీటరే చూసుకుని ఆఫీసుకు పంపుతుంది. ఇన్నాళ్లూ ఆ పని భూమయ్యది. పొద్దున నీళ్లు వదిలే వేళకు చివరి ఇంటికి వెళ్లాలి. గాజు గొట్టంలో నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి, పసుపు రంగు ఎంత తేలిందో చూసి రిజిస్టరులో రాయాలి. కింద ఆ ఇంటివాళ్ల సంతకం తీసుకోవాలి. ఖిల్లా కింది గల్లీలో ఆ చివరి ఇల్లు ఐలమ్మది.

"ఎందుకు వద్దు?"

"గోడ మట్టిది మేడం. మీటరు బరువు ఆగదు."

"పోల్ పాతిపిస్త."

"కోతులున్నయి. వైర్లు పీకుతయి."

"ఇనుప డబ్బాల పెడతరు."

"గా మూలకు కరెంటు..."

"సోలార్. భూమయ్యా, అసలు సంగతి చెప్పుండ్రి."

భూమయ్య చేతిలో రిజిస్టరు అటూ ఇటూ తిప్పాడు. కావ్య దాన్ని అందుకుని పేజీలు తిరగేసింది.

"ఆదివారం మీకు డ్యూటీ లేదు గదా. మరి గీ ఆదివారాల రీడింగులు ఎట్లొచ్చినయి?"

"ఆమె ఎదురుచూస్తది మేడం. ఒక్కతే ఉంటది. ముందట చాటల బీడీలు, ఎనుక గోడ. మాట్లాడెటందుకు మనిషి లేదు. నేను పోతె ఇంత చాయ పోస్తది, నాలుగు ముచ్చట్లు చెప్తది. ఓ పావుగంట. మీటరు వచ్చిందంటె ఆ పావుగంట గూడ పాయె."

"పావుగంటనా? రీడింగ్ ఏడింటికి రాసిండ్రు. ప్లాంటుల మీ హాజరు ఎనిమిదిన్నరకున్నది."

భూమయ్య నేల చూపులు చూశాడు. "ముచ్చట్ల పడితె ఇడ్సిపెట్టదు మేడం."

కావ్య నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగిపోయింది. ఆర్డరు కాపీ తీసి మళ్లీ మొదటి నుంచి చదివింది. మీటర్లు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పోల్చుకోవడానికి ఒక్క ఇంట్లో మాత్రం పాత పద్ధతిలోనే పరీక్ష చేయవచ్చని అందులో ఉంది.

"సరే. ఆ ఒక్క ఇల్లు ఐలమ్మదే పెడత. ఆమె ఒప్పుకున్నట్టు కాగితం మీద సంతకం పట్టుకరండ్రి. రోజు పొద్దుగాల ఇంట్ల మనిషి ఉండాలె, అది రూలు. తాళం ఏసి పోతనంటె కుదరదు."

"ఏడికి పోతది మేడం? ఆమెకెవరున్నరు?"

ఆ సాయంత్రం అతని టీవీఎస్ బండి ఖిల్లా గల్లీ ఎత్తును ఒక్క ఊపులో ఎక్కింది. ఐలమ్మ అరుగు మీద బీడీలు చుడుతోంది.

"ఏంది తమ్మీ, గీ యాళ్లకు వచ్చినవ్? మీటరు తెచ్చినవా?"

"మీటరు లేదు, ఏం లేదు. మేడంతోని కొట్లాడి వచ్చిన అక్కా. నీ ఇంటికి మీటరు రాదు. ఎప్పటి లెక్కనే నేనే వస్త."

బీడీ చుడుతున్న ఐలమ్మ వేళ్లు ఆగిపోయాయి.

"రోజా?"

"రోజు. ఆదివారం గూడ."

"ఒకవేళ నేను ఊరికి గిట్ల పోతె?"

"గట్లెట్ల పోతవ్? ఇంట్ల మనిషి ఉండాలె, సంతకం గావాలె. అయినా నువ్వేడికి పోతవక్కా?" అని నవ్వాడు భూమయ్య.

ఐలమ్మ నవ్వలేదు. కాగితం అందుకుని చాలాసేపు చూసింది. పెన్ను అడిగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పేరు రాసి ఇచ్చింది.

"కూసో, చాయ పెడ్త," అంటూ లోపలికి నడిచింది. గడప దాటుతుంటే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. భూమయ్య అది చూశాడు. మనిషి ఎంతగా భయపడి ఉంటుంది, పాపం. ఇన్నేళ్ల నౌకరీలో ఎన్ని వాల్వులు తిప్పాడో, ఎన్ని గొట్టాలు కడిగాడో లెక్కలేదు గాని, ఒక మనిషికి ఇంత పనికొచ్చిన దినం ఇదే అనిపించింది. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

లోపల ఫోను బటన్లు నొక్కిన చప్పుడైంది. ఐలమ్మకు చెవులు కొంచెం మందం. గుసగుసగా మాట్లాడుతున్నాననుకుని ఆమె గట్టిగానే మాట్లాడింది.

"చెల్లె, నేనే. రేపు నర్సాపూర్ బస్సు ఎక్కుతలేనే. ఆ, సంచి సదిరిన, మళ్ల ఇప్పుత. పిల్లలకు చెప్పు, పెద్దమ్మ రాదని. మీటరు పెట్టినంక ఇల్లు కిరాయికిచ్చి, మీ అందరి నడుమ ఉందామనుకుంటి. పెడ్తలేరంట. నువ్వు రమ్మనవట్టి రెండేండ్లాయె, ఇంకెన్ని దినాలంటె నేనేం జెప్పాలె? నేనొస్తె ఆ నీళ్ల భూమయ్య పొద్దుగాల ఎవల ఇంటికి పోతడే? పాపం, ఆయనకు ఎవ్వరు లేరు."