ఎడమవైపు సొట్ట

“బాబూ, కొంచెం దిగుతావా? ఇది నా బండేమో చూడాలి.”

మోటారు సైకిలు మీద కూర్చున్న కుర్రాడు దిగలేదు. హ్యాండిల్‌ని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. షెడ్డు గుమ్మంలో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. మెడలో టైలరు టేపు, ముక్కు మీద సీసా అడుగంత మందం కళ్లద్దాలు, చంకలో మడిచిన ప్లాస్టిక్ కవరు.

“మీదేమిటండీ? తుక్కు కొట్లో కొనుక్కున్నాను. మూడు నెలలుగా ఆదివారమన్నది లేకుండా తుప్పు గీకాను.”

“అదే చెబుతున్నా. కంటి ఆపరేషనుకి నేను ఆస్పత్రిలో ఉంటే, ఇంట్లో అడ్డంగా ఉందని మా అల్లుడు నా బండిని తుక్కుకి వేసేశాడు. నన్నొక్క మాట అడగలేదు. అప్పట్నుంచీ షెడ్డు షెడ్డూ తిరుగుతున్నా. ఊళ్లో ఇదే ఆఖరిది.”

వెనక చక్రం దగ్గర కూర్చున్న మెకానిక్ పానా తిప్పడం ఆపాడు. “నేను తప్పిపోతే మా ఆవిడ కూడా ఇంత వెతకదు పెద్దాయనా,” అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

కుర్రాడి చూపు ఆ కవరు మీదే ఉంది. అందులో ఉన్నవి బండి కాగితాలే అయితే? తన దగ్గర ఉన్నది తుక్కు కొట్టువాడు రాసిచ్చిన చీటీ ఒక్కటే. అసలు కాగితాలు రేపిస్తా, ఎల్లుండిస్తా అంటూ వాడు తిప్పుతూనే ఉన్నాడు. సోమవారం నుంచి ముప్పై కిలోమీటర్ల అవతల మిల్లులో కొత్త ఉద్యోగం. తెల్లవారి ఆరింటికి షిఫ్టు. ఆ వేళకి బస్సు లేదు. ఈ బండి పోతే ఉద్యోగమూ పోయినట్టే.

“ఇది మీది కాదండీ,” అన్నాడు.

“కాకపోతే వెళ్లిపోతా. నాకు చూపు ఆనదు, చేత్తో చూసుకోనీ. నా బండి ట్యాంకుకి ఎడమవైపు సొట్ట ఉంటుంది. బొటనవేలు పెడితే సరిగ్గా పడుతుంది.”

ఆ సొట్టని మెకానిక్ సరిచేసి, లప్పం పెట్టి, రంగు వేసి ఇరవై రోజులైంది.

“చూసుకోండి,” అన్నాడతను.

టైలరు అరచేయి ట్యాంకు మీద పైనుంచి కిందికి, మళ్లీ కిందినుంచి పైకి జరిగింది. ఎక్కడా ఆగలేదు.

“సీటు తొడుగు నేనే కుట్టాను. అంచు చుట్టూ రెండు వరసల కుట్టు.”

“దీనికి ఒక్క వరసే ఉంది.”

వేళ్లు సీటు అంచు పట్టుకుని ఒక చుట్టు తిరిగి వచ్చాయి. చిరిగిపోయిన పాత తొడుగుని మెకానిక్ నాలుగు మడతలు వేసి నేల మీద పరుచుకున్నాడు. ఇప్పుడు కూర్చున్నది దాని మీదే. అటు చూడకుండా ఉండటానికి అతను చాలా కష్టపడ్డాడు.

“మేస్త్రీ, నువ్వు చెప్పు నాయనా. ఈ బండి నీ దగ్గరికి వచ్చినప్పుడు సొట్ట ఉందా?”

మెకానిక్ తలెత్తి కుర్రాడి ముఖంలోకి చూశాడు. అతను కళ్లతోనే బతిమాలాడు. మెకానిక్ గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతినే మళ్లీ తుడిచాడు.

“నా దగ్గర రోజుకి పది సొట్టలు పోతాయి. ఏది ఏ బండిదో నాకేం గుర్తు? ఓనరున్నాడుగా, ఆయన్నే అడగండి.”

టైలరు వంగి కిక్కు రాడ్డుని తడిమాడు.

“పోనీ, ఒక్కసారి స్టార్ట్ చేయనీ బాబూ. నా బండికి ఒక మొండితనం ఉంది. ఎడమవైపుకి బాగా వంచి, పది లెక్కపెట్టి, ముందు సగం కిక్కు, తర్వాత నిండు కిక్కు కొట్టాలి. అలా కాకుండా ఎవరు ఎన్ని కొట్టినా ఉలకదు, పలకదు. రంగు మారుస్తారు, సీటు మారుస్తారు. దాని బుద్ధినెవరు మారుస్తారు?”

ఆ బుద్ధి పాత కార్బురేటర్‌ది. కొత్తది వేసి వారమైంది. ఇప్పుడు అంతలా వంచితే పెట్రోలు పొంగి, ఇంజను మూగబోతుంది. మొన్న కడిగేటప్పుడు అదే జరిగితే అరగంట ఆరబెట్టాల్సి వచ్చింది.

అతను బండి దిగి పక్కకి జరిగాడు. “కానివ్వండి.”

టైలరు బండిని ఎడమవైపుకి వంచాడు. పెదవులు కదుపుతూ పది లెక్కపెట్టాడు. సగం కిక్కు. నిండు కిక్కు. చప్పుడు లేదు. మళ్లీ వంచాడు, మళ్లీ లెక్కపెట్టాడు. గచ్చు మీద పెట్రోలు చుక్కలు పడ్డాయి. అయిదోసారికి ఆయన కాలు కిక్కు మీంచి జారింది. మెకానిక్ ముఖం తిప్పుకున్నాడు.

“నాది కాదు,” అన్నాడు టైలరు స్టాండు వేస్తూ. “నా బండైతే నన్నిలా చేసేది కాదు. ఏమీ అనుకోకు బాబూ, నీ పని చెడగొట్టాను.”

అతని గుండెల మీంచి బరువు దిగిపోయింది. “అయ్యో, దానికేముంది పెద్దాయనా,” అన్నాడు. గొంతులో ఎక్కడలేని మర్యాద వచ్చింది.

టైలరు మూలనున్న పాత ఆయిల్ డ్రమ్ము దాకా తడుముకుంటూ వెళ్లాడు. కవరులోంచి నాలుగు కాగితాలు తీసి, నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపి డ్రమ్ములో వేశాడు. నల్లటి నూనె వాటిని మెల్లగా మింగింది. “ఇక వెతికే ఓపిక లేదు. సంతకం పెట్టిన కాగితాలు, ఎవరి చేతిలోనైనా పడితే ప్రమాదం,” అన్నాడు చేతులు దులుపుకుంటూ.

“దేనికి సంతకం?” అని అడిగాడతను, నవ్వుతూనే.

“నా కళ్లతో నేనెలాగూ నడపలేను కదా బాబూ, దాన్ని బాగుచేసుకుంటున్నవాళ్లు ఎవరైతే వాళ్ల పేరే రాసుకుంటారని, బండి ఇచ్చేసే కాగితాల్లో పేరు దగ్గర ఖాళీ వదిలి సంతకం పెట్టాను.”